పది బై పదకొండు గదిలో పాట

తమ్ముడు: అక్కా, 30 వేలు పెట్టి పెద్ద స్పీకర్ బాక్సులు కొంటానంటున్నావు, బాగానే ఉంది. కానీ నీ గది 10 బై 11 అడుగులు. మంచం, బీరువా, వీణ పోను అందులో మిగిలే చోటెంత? ఆ గదికి నాలుగంగుళాల వూఫర్ ఉన్న చిన్న జత చాలు. ఆంప్లిఫయర్ కూడా లోపలే ఉండే రకం తీసుకో. బల్ల మీద పెట్టుకుని మూడడుగుల దూరంలో కూర్చున్నావంటే పాట నేరుగా నీ చెవికే వస్తుంది, గోడలకు తగిలి చెడడం తగ్గుతుంది. ఖర్చు సగంలో తేలిపోతుంది.

అక్క: నేను కూర్చుని వినేది ఎప్పుడు చెప్పు? పొయ్యి మీద పప్పు పెట్టి వస్తాను, బట్టలు మడతపెడతాను, మధ్యలో వీణ తీసి శ్రుతి చూసుకుంటాను. ఒకే కుర్చీలో, ఒకే దిక్కుకి తల పెట్టుకుని కూర్చుంటేనే బాగుండే పాట నా రోజులో ఇమడదు. నాకు గది నిండా పాట కావాలి. ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న జత, దానికి విడిగా ఒక ఆంప్లిఫయర్. బాక్సులు సెకండ్ హ్యాండ్‌లో చూసుకుంటే 30 వేలలోపే అవుతుంది. మృదంగం ఎడమ వైపు తొప్పి మీద గుముకీ మోత పడితే చెవికి తెలిస్తే చాలదు, ఒంటికి తెలియాలి.

తమ్ముడు: ఆ గుముకీ దగ్గరే నీ గది అడ్డం తిరుగుతుంది. సుమారు 250 హెర్ట్జ్ కిందికి వెళ్లాక చిన్న గదిలో గోడలదే పెత్తనం, ఎంత మంచి బాక్సు తెచ్చినా అంతే. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. నీ గది పొడవు 11 అడుగులు, అంటే 3.35 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ తిరిగి 51 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఊగిపోతుంది. వెడల్పు 10 అడుగులు, అక్కడ 56. స్లాబు ఎత్తు కూడా పదే కాబట్టి అదీ 56. రెండు ఊపులూ ఒకేచోట పడ్డాయి. బాస్ గిటార్‌లో ఒక తీగ ఉంది, నొక్కకుండా మీటితే 55 హెర్ట్జ్ పలుకుతుంది. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా నీ బీరువా తలుపు బుర్రుమంటుంది. దాని పక్క స్వరం వస్తే ఏమీ ఉండదు. వాయించినవాడు రెండిటినీ ఒకే బలంతో వాయించాడు. నాలుగంగుళాల వూఫర్ 70 దగ్గర్లోనే చేతులెత్తేస్తుంది కాబట్టి ఆ గొడవలోకి అసలు దిగదు.

అక్క: ఆ ఊపు నేనూ చూశాను కదా. పోయిన నెల నువ్వు పెద్ద బాక్సు ఒకటి తెచ్చి, ఫోన్ నుంచి 56 హెర్ట్జ్ శబ్దం ఒక్కటే పెట్టి, నన్ను గదిలో నడవమన్నావు. గోడ దగ్గర నిలబడితే కడుపులో మోగింది. నడి గదిలోకి వచ్చేసరికి ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోయింది. నువ్వు ఆపేశావేమోనని వెనక్కి తిరిగి చూశాను, బాక్సు మోగుతూనే ఉంది. ఇంకో నాలుగడుగులు వేస్తే మళ్లీ వచ్చింది. అంత తేడా ఉంటుందని నాకు నిజంగా తెలీదు. అయితే దాన్నుంచి నాకు అర్థమైంది వేరు. నడిమధ్య కూర్చోకూడదు, గోడకి ఆనుకునీ కూర్చోకూడదు, బాక్సులు మూలల్లో పెట్టకూడదు. ఇవన్నీ సర్దుకునే సంగతులు. సర్దితే పోయే దోషానికి 70 కింద ఉన్న సంగీతమంతా వదులుకోమంటావేం?

తమ్ముడు: సర్దడానికి చోటుండాలి. వెనక రంధ్రం ఉన్న పెద్ద బాక్సుని గోడకి అడుగున్నరైనా ఎడంగా పెట్టాలి. నీ గదిలో అడుగున్నర ముందుకు జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు. అప్పుడేం చేస్తావు? కడప బండ అరలోకి దూరుస్తావు. ఆ అరలో మూడు వైపులా గోడ. ఒక్కో గోడ దగ్గరైన కొద్దీ బాస్ మరింత ఉబ్బుతుంది. ఇక గాయకుడు కుండలో తల పెట్టి పాడినట్టే. దుకాణంలో విన్నప్పుడు బాగున్న బాక్సు ఇంటికొచ్చాక ఎందుకిలా అయిందని ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను.

అక్క: ఈ మాట ఒప్పుకుంటున్నాను. అరలో పెట్టను. వెనక రంధ్రం లేని, మూసిన బాక్సులు దొరికితే అవే తీసుకుంటాను. దొరక్కపోతే రంధ్రంలో ఒక మేజోడు కుక్కుతాను. బాస్ కొంత తగ్గినా శుభ్రపడుతుందని నువ్వే చేసి చూపించావు.

తమ్ముడు: కుక్కి తగ్గించుకునేదాన్ని డబ్బు పోసి కొనడం ఎందుకన్నదే నా ప్రశ్న. ఇంకోటి విను. మనింట్లో నాన్న ట్రాన్సిస్టర్ గుర్తుందిగా. దాని స్పీకరు అరచేతిలో సగం ఉండేది. 200 హెర్ట్జ్ కింద అది ఇచ్చేది దాదాపు శూన్యం. మగవాళ్ల గొంతుకి మూలస్వరం 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఘంటసాల గొంతులో అసలు అడుగు ఆ రేడియోలోంచి ఎన్నడూ బయటికి రాలేదు. అయినా మనం విన్నది నిండు గొంతే, ఎవరూ పీలగా ఉందనలేదు. పైన ఉన్న అనుస్వరాలు వరుసగా వినబడితే, లేని మూలస్వరాన్ని మన మెదడే కట్టి ఇస్తుంది. ఇంత పని మన తల చేస్తుంటే పెట్టె అంత పెద్దది ఎందుకు?

అక్క: మెదడు కట్టి ఇస్తుంది, కాదనను. ఆ ట్రాన్సిస్టర్ నాకూ ప్రాణమే. కానీ వీణ పక్కన కూర్చున్నదాన్ని నేను. మంద్రంలో తీగ మీటితే కుండ మీద ఆనిన నా మోకాలికి తెలుస్తుంది. దాన్ని మెదడు ఎక్కణ్నుంచి కట్టిస్తుంది? గొంతు విషయంలో నీ లెక్క చెల్లుతుంది. తాళవాద్యం దగ్గర చెల్లదు. పైగా చిన్న వూఫర్ మీద పడే భారం చూడు. అదే సౌండుతో ఒక స్థాయి కిందికి దిగాలంటే వూఫర్ నాలుగింతల గాలిని కదపాలి. నాలుగంగుళాల అట్టకి అంత దమ్ము లేదు. నీ చిన్న బాక్సులో తనియావర్తనం పెట్టి కొంచెం సౌండు పెంచాను. తొప్పి దెబ్బకి వెనక రంధ్రంలోంచి ఉఫ్‌ఉఫ్‌మని గాలి వచ్చింది. నాదం రాలేదు.

తమ్ముడు: నువ్వు మంచం మీంచి విన్నావు, అందుకే సౌండు పెంచాల్సి వచ్చింది. దగ్గర కూర్చుంటే అక్కర్లేదు. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి. దగ్గరికి జరగడమంటే ఉచితంగా ఆంప్లిఫయర్ పెంచుకోవడమే. ఇది నేను కనిపెట్టింది కాదు. 1970లలో బీబీసీ వాళ్లు బయటి ప్రసారాలకి వెళ్లే వ్యాన్లలో పెట్టుకోవడానికి ఎల్ఎస్3/5ఏ అని ఒక చిన్న బాక్సు తయారుచేశారు. అడుగెత్తు. ఇరుకులో, దగ్గర కూర్చుని గొంతుని సరిగ్గా అంచనా వేయడానికే. ఇవాళ్టికీ దాన్ని వెతికి కొనేవాళ్లున్నారు. 1978లో యమహా వాళ్ల ఎన్ఎస్-10 వచ్చింది. ప్రపంచంలో ఎన్ని స్టూడియోల్లో మిక్సింగ్ బల్ల మీద దాని తెల్లటి వూఫర్ కనబడేదో లెక్కలేదు. పాట తయారైందే చిన్న బాక్సుల ముందు.

అక్క: బీబీసీ బాక్సు సంగతి తలవంచి ఒప్పుకుంటాను, గొంతుకి అది గొప్పదే. ఎన్ఎస్-10 మాత్రం నీ పక్షాన నిలబడదు. దాన్ని మొదట ఇళ్ల కోసమే చేశారు, ఇళ్లలో దానికి పెద్ద పేరు రాలేదు. స్టూడియో వాళ్లు ట్వీటర్ కీచుదనం తట్టుకోలేక ముందు టిష్యూ కాగితం అతికించుకునేవారు. మరి ఎందుకు ఉంచుకున్నారు? మిక్సింగ్‌లో తప్పుంటే అది దాచిపెట్టదు కాబట్టి. తప్పులు వెతకడానికి పనికొచ్చే బాక్సు అది. నువ్వు డబ్బింగ్ థియేటర్లో రోజంతా చేసే పని అదే కాబట్టి నీకు ఇష్టం. నేను వంట ముగించుకుని వినడానికి వచ్చినదాన్ని.

తమ్ముడు: సరే, స్టూడియోలు వదిలేద్దాం. మామూలు శ్రోతల మాటే చూద్దాం. ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. బాక్సులకి తెర కట్టి, పేరూ ధరా తెలియకుండా జనానికి వినిపించాడు. కంటికి కనబడకపోతే చాలామంది అభిరుచులు ఒకేచోటికి వచ్చాయి. ఎదురుగా శబ్దం సమంగా ఉండాలి, పక్కలకి పోయే శబ్దం కూడా ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండాలి. అలాంటి బాక్సే నచ్చింది. ధర చూసి కాదు. ఇప్పుడు తక్కువ ధరలో వచ్చే చిన్న మానిటర్లలో ఆ సమత్వం బాగా వస్తోంది. లోపలి ఆంప్లిఫయర్ని ఆ వూఫర్‌కీ ఆ ట్వీటర్‌కీ సరిపోయేలా కంపెనీలోనే సర్ది పంపుతారు. విడివిడిగా కొని జతపరిస్తే ఆ పొందిక అదృష్టం మీదే.

అక్క: టూల్ పేరు ఎత్తావు కాబట్టి ఆయన తోటి పరిశోధకుడు శాన్ ఆలివ్ లెక్క కూడా చెప్పు. బాక్సు నచ్చడంలో దాదాపు 30 శాతం వాటా బాస్ ఎంత కిందికి దిగుతుందన్నదానిదే అని తేల్చింది ఆయనే. నువ్వు మూడోవంతు తీసి పక్కన పెట్టి మిగతా దానితో సరిపెట్టుకోమంటున్నావు.

తమ్ముడు: ఆ 30 శాతం నిజమే. నీ గదిలో అది 30 శాతం లాభం అవుతుందా, 56 దగ్గర బుర్రుమనే నష్టం అవుతుందా అన్నదే మన తగాదా.

అక్క: అవును, అదే తగాదా. నీ దగ్గరా నా దగ్గరా దానికి పూర్తి జవాబు లేదు. ఇక డబ్బు సంగతి. నీ పక్షంలో నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. మనం అప్పుడు కొన్న హోం థియేటర్ సెట్టు గుర్తుందా? మూడేళ్లు తిరక్కుండా సబ్‌వూఫర్ లోపలి బోర్డు పోయింది. స్పీకర్లన్నీ బాగానే ఉన్నాయి, చెక్క బాగుంది, వైర్లు బాగున్నాయి. సర్వీస్ సెంటర్లో ఆ మోడల్ బోర్డు రావడం లేదన్నారు. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయమన్నారు. అమ్మ ఆ ఖాళీ సబ్‌వూఫర్ మీద పూలకుండీ పెట్టింది. ఆంప్లిఫయర్ లోపలున్న బాక్సు ఏదైనా ఇదే గతి. విడిగా ఉంటే ఆంప్లిఫయర్ పోయినా బాక్సులు మిగులుతాయి. పుస్తకమంత క్లాస్-డి ఆంప్లిఫయర్ ఏడెనిమిది వేలలో దొరుకుతోంది. పోతే అది మారుస్తాను, బాక్సులు ఇరవై ఏళ్లు నాతో ఉంటాయి.

తమ్ముడు: ఈ విషయంలో నీదే పైచేయి. బోర్డు పోతే చేసేది లేదు. మన కరెంటు హెచ్చుతగ్గులకి, వర్షాకాలం చెమ్మకి ఎన్నేళ్లు నిలుస్తాయో నేను హామీ ఇవ్వలేను. కానీ సెకండ్ హ్యాండ్ బాక్సులు కూడా ఊరికే రావు. 80లు, 90ల నాటి జతలు చాలావాటికి వూఫర్ చుట్టూ ఫోమ్ అంచు ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీకి నువ్వు వెళ్లినా, కాకినాడలో ఎవరింట్లోనో చూసినా, ముందు జాలీ తీయించు. అంచు మీద వేలితో మెల్లగా నొక్కు. వేలికి నల్లటి పొడి అంటుకుంటే, అంచు తడిసి ఎండిన బిస్కెట్టులా రాలితే, వాళ్లెంత తగ్గించినా లేచి వచ్చేయ్. రబ్బరు అంచైతే చాలావరకు బతికే ఉంటుంది. తర్వాత ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్లు పట్టుకెళ్లు. వెనక టెర్మినల్స్‌కి రెండు వైర్లు పెట్టి సెల్లుకి తాకించి తీసేయ్. టిక్కుమని వూఫర్ కదలాలి. ప్లస్‌కి ప్లస్ తగిలితే అట్ట ముందుకు రావాలి. ఒక బాక్సులో ముందుకొచ్చి రెండోదానిలో వెనక్కి పోతే లోపల ఎవరో వైర్లు తిప్పి కలిపారన్నమాట. అలాగే వింటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, బాస్ ఉండదు.

అక్క: ఇది రాసి పెట్టుకుంటాను. చూశావా, నా బాక్సులు ఎలా ఎంచుకోవాలో కూడా నువ్వే చెప్పాలి.

తమ్ముడు: నువ్వు మోసపోకూడదు కదా. వాట్ల దగ్గర మాత్రం మనకి పేచీ లేదనుకుంటాను.

అక్క: లేదు. పీఎంపీఓ అంటూ వేలల్లో రాసిన అంకెలు ఎవరూ నమ్మక్కర్లేదు. 86 డెసిబెల్ బాక్సుకి ఒక్క వాటు ఇస్తే రెండు మీటర్ల దూరంలోనే 80 దాకా వస్తుంది, అది ఇంట్లో మాట్లాడుకునే గొంతుకంటే చాలా ఎక్కువ. పాతిక వాట్లు నిజంగా ఇచ్చే ఆంప్లిఫయరైతే మన గదికి మిగిలిపోతుంది. వైర్లు కూడా ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు రాగి వైరే.

తమ్ముడు: ప్లగ్గు మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించుకో. లేకపోతే సెట్టు ఖాళీగా ఉన్నప్పుడు గుయ్యిమనవచ్చు. ఇక నా పక్షంలో ఇంకో బలమైన మాట. నువ్వు వినేది ఎక్కువగా రాత్రి తొమ్మిది తర్వాత, సౌండు తగ్గించి. సౌండు తగ్గితే మన చెవికి ముందు పోయేది బాస్. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే గీతలు గీసి చూపించారు. నువ్వు మోజుపడే ఆ కింది స్వరాలు ఆ వేళకి నీ పెద్ద బాక్సులో మోగినా నీ చెవికి అందవు. మూడడుగుల దూరంలో ఉన్న చిన్న జతైతే అదే వేళ పక్కింటికి వినబడకుండా నీకు పూర్తిగా వినబడుతుంది. ‘గీతాంజలి’ పాటలు అలా విను. 1989 నాటి స్టీరియో, వయొలిన్లు ఒక్కో వరుస ఒక్కోచోట కూర్చుని కనిపిస్తాయి. రెండు బాక్సులూ నువ్వూ సమత్రికోణంలో ఉంటే, ట్వీటర్ చెవి ఎత్తులో ఉంటే, గాయకుడు సరిగ్గా మధ్యలో గాలిలో నిలబడతాడు. ఆ అనుభవం పెద్ద బాక్సులతో మంచం మీంచి రాదు. ఒక్కసారి విన్నాక నువ్వే కుర్చీ వేసుకుంటావు.

అక్క: నువ్వు వినిపించావు, అది అద్భుతమే. నేను కదలకుండా పాట మొత్తం విన్నాను. కానీ నా దగ్గరున్న పాటల్లో సగానికి మధ్య, పక్క అన్నవే లేవు. ‘మల్లీశ్వరి’ 1951, ‘మాయాబజార్’ 1957. అవన్నీ మోనో, ఒకే దారిలో వచ్చిన శబ్దం. వాటికి త్రికోణంతో పనేముంది? ఒక్కోసారి ఆ పాటలకి మంచి బాక్సు ఒక్కటి ఉన్నా చాలనిపిస్తుంది. జత మీద పెట్టే డబ్బంతా దాని మీదే పెట్టి గదిలో ఒక చోట ఉంచితే ఎటు నడిచినా పాట అక్కణ్నుంచే వస్తుంది, మన రేడియో అలమరలోంచి వచ్చినట్టు.

తమ్ముడు: అది నేను ఆలోచించని సంగతి. మోనో పాట రెండు బాక్సుల్లో పెడితే త్రికోణంలో కూర్చున్నవాళ్లకే మధ్యలోంచి వస్తుంది. లేచి నాలుగడుగులు పక్కకెళ్తే దగ్గరున్న బాక్సులోకి దూకుతుంది. నడుస్తూ వినేవాళ్లకి ఒక్కటే మేలు, నిజమే. కానీ ఒక్కటే కొంటే ‘గీతాంజలి’ పోతుంది.

అక్క: పోతుంది. అందుకే జతే కొంటాను, పెద్ద జత. అసలు కారణం ఇంకా చెప్పలేదు. ఆ గదిలో పాట పెడితే వినేది నేనొక్కదాన్నే కాదు. అమ్మకి 74. వంటింట్లో కూర్చుని కూర తరుగుతూ వింటుంది. గోడలు మలుపులు దాటి వచ్చేది మంద్ర శబ్దమే, పైస్థాయి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పైగా వయసుతో ముందు తగ్గేది పైస్థాయి వినికిడే. నీ చిన్న జత పెట్టిన రోజు అమ్మ ఏమందో తెలుసా? ఏదో పాట వస్తున్నట్టుంది, ఏమిటే అది అని అడిగింది. తనకి కంఠతా వచ్చిన పాట అది.

తమ్ముడు: గోడ దాటే శబ్దం వంటింటి గోడొక్కటే ఎంచుకుని దాటదు కదా. అటు పక్క ఫ్లాట్‌తో మనకి ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది. కర్టెన్లు వేశావు, అవి పైస్థాయిని తప్ప బాస్‌ని పట్టుకోవు. అమ్మకి వినబడే గుముకీ ఆ బిడ్డ ఉయ్యాల దగ్గరకీ పోతుంది. అమ్మ కోసం వంటింట్లో వేరే చిన్న బ్లూటూత్ స్పీకరు పెడదాం.

అక్క: పెట్టి చూశాను. బ్లూటూత్‌లో పాట కొంచెం ఆలస్యంగా వస్తుంది. గదిలో ఒక ఘంటసాల, అర అడుగు వెనకాల వంటింట్లో ఇంకో ఘంటసాల. అమ్మ రెండో నిమిషంలో ఆపేసింది. బిడ్డ సంగతి మాత్రం నేను కొట్టిపారేయలేను. తొమ్మిది దాటాక బాస్ మీట తిప్పి తగ్గిస్తాను, అంతకంటే నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు: నా దగ్గరా అమ్మకి జవాబు లేదు. అయితే ఆదివారం తేల్చుకుందాం. నా చిన్న జత తెస్తాను.

అక్క: నేను చూసిన జత అమ్మే ఆయన ఒక పూటకి ఇస్తానన్నాడు, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. రెండిటికీ సౌండు సమంగా పెట్టే పని నీది. కొంచెం గట్టిగా మోగిందే బాగున్నట్టు అనిపిస్తుందని నువ్వే చెప్పావు.

తమ్ముడు: ఫోన్లో కొలిచి పెడతాను. బాక్సుల ముందు పాత చీర తెరగా కడతాను, ఏది మోగుతుందో నీకు చెప్పను. త్రికోణం లెక్కకి కుర్చీ ఎక్కడ వేయాలో ఇప్పుడే సుద్దతో గీస్తాను.

అక్క: గీయి. ఇంకో కుర్చీ వంటింటి గుమ్మంలో వేయి. అందులో అమ్మ కూర్చుంటుంది.